కుల్లు కట్ట

కాసులమ్మ పొద్దున్నే లేచి, కలకత్తాలో ఏక్‌బాల్‌పూర్ బస్తీ కుళాయి దగ్గర రెండు బిందెలు పట్టుకుని, రాత్రి అన్నంలో గంజి పోసుకుని తాగి, బస్సెక్కి రేవుకి పోయేది. అక్కడ లాంచీ ఎక్కి నది దాటితే అవతలి ఒడ్డున, హౌరా వైపు, ఒక పాత మేడ. పేరుకి తోటల కచేరీ. తోట ఎప్పుడో పోయింది, కచేరీ మిగిలింది.

మేడ మీద గదిలో నూట అరవై బొమ్మలుండేవి. అన్నీ ఆపిల్ పళ్ల బొమ్మలే. తెల్లదొరల రోజుల్లో కొండల మీది తోటల్లో ఎన్ని రకాల ఆపిల్ చెట్లుండేవో అన్ని రకాలకీ బొమ్మలు వేయించారట. ఒక్కో కాగితం మీద ఒక్కో కొమ్మ, నాలుగైదు ఆకులు, ఒక నిండు కాయ, పక్కన సగానికి కోసిన చెక్క ఒకటి. వేసినవాడు మృత్యుంజయ బాబు తాత. ఉడుత తోక వెంట్రుకలతో కుంచె కట్టుకుని ఒక్కో కాయకీ పదిహేను రోజులు కూర్చునేవాడట. ఇప్పుడా బొమ్మలన్నిటికీ కాపలా మృత్యుంజయ బాబే. పెళ్లి లేదు, పిల్లల్లేరు. కిందింట్లో ఒక గదిలో ఉండేవాడు.

కొండల మీద ఆ చెట్లు ఇప్పుడు లేవు. బజారులో బాగా అమ్ముడుపోయే ఎర్ర రకం ఒకటి వచ్చాక పాతవన్నీ నరికేశారు. బొమ్మలు మాత్రం ఏడాదికోసారి కాలం తప్పకుండా కాసేవి.

మాఘం వెళ్లేసరికి కాగితం మీద మొగ్గ ఉబ్బేది. ఎండలు ముదిరేలోగా పూసేది. భాద్రపదానికి కాయ రంగు తిరిగేది. ఆ నెలంతా కాసులమ్మకి చేతినిండా పని. కాగితాలు ఒకదాన్నొకటి ఒత్తుకోకుండా మధ్యమధ్య వరిగడ్డి పరిచి, రెండు పూటలా తిరగేసేది. చిన్నప్పుడు సోంపేట దగ్గర వాళ్లమ్మ మామిడికాయలు మాగేసిన పద్ధతే అది. కార్తీకంలో ఆకులు రాలి కట్ట అడుగున చేరితే చేటలోకి ఎత్తి పారబోసేది. భాద్రపదంలో లాంచీలో టిక్కెట్లు చింపేవాడు ఆమె దగ్గరి పళ్ల వాసన పీల్చి, "దీదీ, ఈ ఏడు తొందరగా పండినట్టున్నాయే" అనేవాడు. ఆమె తలూపేది. అంతే.

మాట్లాడడమంటే కాసులమ్మకి చచ్చేంత సిగ్గు. కొట్టుకెళ్లి ఉప్పు అడగాలంటే దారిపొడుగునా ఆ మాటే మనసులో అనుకుంటూ పోయేది. తీరా వెళ్లాక చేత్తో చూపించేది. మొగుడు గవరయ్య రేవులో కూలి. అతను జ్వరంతో పోయాక, నోరు లేని మనిషికి ఇంకెక్కడ పని దొరుకుతుందని ఆడపడుచు తవిటమ్మ ఏడుస్తుంటే, ఎవరో ఈ కచేరీ మాట చెప్పారు. మృత్యుంజయ బాబుది కూడా తక్కువ నోరే. ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి రోజుకి పది మాటలాడితే గొప్ప. అలా ఇరవై రెండేళ్లు గడిచాయి. మాటతో పని లేకుండా బతకగలిగిన చోటు ఈ లోకంలో ఆమెకి అదొక్కటే.

బొమ్మ కూడా చెట్టులాంటిదే. చెమ్మ తగిలినా, చెద పట్టినా, కొన్నిసార్లు ఏ కారణమూ లేకుండానే కుళ్లిపోయేది. అప్పుడు కాగితం మీద గోధుమరంగు మరక ఒక్కటే మిగిలేది. ఒకటి కుళ్లితే పక్కదానికి పాకుతుంది. అందుకని కుళ్లిన కాగితాన్ని ఆ పూటే ఇల్లు దాటించడం కాసులమ్మ పద్ధతి. బాబుకి చెప్పి, చుట్ట చుట్టి, ఇంటికి తెచ్చి తవిటమ్మకిచ్చేది. తవిటమ్మ వాటితో మురీల, అంటే మరమరాల, కొట్టుకి కాగితం పొట్లాలు, అదే ఠోంగాలు, అంటించేది. అలా పోగా పోగా, సర్కారు నడిచే రైటర్స్ బిల్డింగులో ఎర్రజెండావాళ్లు గద్దెనెక్కిన తొమ్మిదో ఏడు మాఘానికి, పచ్చిగా ఉన్న బొమ్మలు పదకొండు మిగిలాయి.

ఆ మాఘంలో పై ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. బాబు దాన్ని మూడుసార్లు చదువుకుని కాసులమ్మని పిలిచాడు.

"మంగళవారం కొండల మీది తోటల నుంచి ఒక ఆఫీసరు వస్తున్నాడు. పచ్చి బొమ్మలు ఉన్నాయని కళ్లారా చూస్తే కచేరీ ఉంటుంది. లేకపోతే తాళమే" అన్నాడు.

కాసులమ్మ తలూపింది.

సోమవారం పొద్దున్న బాబు పదకొండు కాగితాలనీ బల్ల మీద పరిపించాడు. ఆకులు లేవు, కాయలు లేవు. చలికాలం కదా, ఒట్టి కొమ్మలు. బాబు తాత నాటి చిట్టా ఒకటి ముందు పెట్టుకున్నాడు. ఏ బొమ్మ ఏ తోటలోదో రాసి ఉంచమని ఉత్తరంలో ఉంది. ఇన్నేళ్లుగా వాళ్లకి నంబర్లతోనే పని, తోటల పేర్లతో ఎప్పుడూ పని పడలేదు. బాబు కంటికి శుక్లాలు. భూతద్దం పెట్టి ఒక్కో కాగితం మీదా వంగి, చిట్టా చూసి, బరువుగా ఊపిరి విడిచేవాడు.

"ఇది కులు" అన్నాడు మొదటిదాన్ని పక్కకి జరిపి.

కాసులమ్మ చెవికది కుల్లని పడింది. వాళ్ల ఊరి మాటలో కుళ్లుని కుల్లంటారు.

"ఇదీ కులు." ఇంకొకటి జరిపాడు. "ఇది కూడా కులు. ఇదీ కులే."

పదకొండూ అలాగే అన్నాక ఆమె వంగి చూసింది. కొమ్మ చివర మొగ్గలు నీరు పట్టి మెరుస్తున్నాయి. పచ్చగానే ఉన్నాయి కదా దాదాబాబూ, అని అడగాలనిపించింది. మాట గొంతు దాకా వచ్చింది. ఆయన భూతద్దంతో చూశాడు, తాతల కాలం నుంచీ తెలిసినవాడు. నేనేటి, నాకేటి తెలుసు అనుకుంది. మాటని మింగేసింది.

"వీటిని వేరే కట్ట కట్టు" అన్నాడు బాబు. కళ్లు మండుతున్నాయని తువ్వాలు కప్పుకుని కిందికి పోయి పడుకున్నాడు. పాపం, ఏడుపు దాచుకోడానికి పోయాడనుకుంది కాసులమ్మ.

కట్ట కట్టింది. కుళ్లింది ఇంట్లో ఉండకూడదు. సాయంత్రం లాంచీలో కట్టని ఒళ్లో పెట్టుకుని నదివైపు మొహం తిప్పుకుని ఏడ్చింది. తవిటమ్మ చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా ముసుగు తన్నింది.

మంగళవారం ఇంకేం పనుంటుందని, ఉన్న నాలుగు గిన్నెలూ తోమిపెట్టి తాళాలు ఇచ్చేసి రావాలని వెళ్లింది. బాబు గడ్డం గీసుకుని, ఉతికిన ధోవతి కట్టుకుని హుషారుగా ఉన్నాడు.

"ఆ కులు కట్ట తీసుకురా కాసుల్. ఆఫీసరు కులు నుంచే వస్తున్నాడట, చిత్రం చూశావా! మధ్యాహ్నానికి ఇక్కడుంటాడు."

కాసులమ్మకి అర్థం కాలేదు. "కుల్లు నుంచా?"

"అవును. కొండల మధ్య ఊరు. మంచు పడుతుందట. ఈ పదకొండూ ఆ ఊరి చెట్లే."

ఆమె చేతిలో గిన్నె నేల మీద పెట్టి మెట్లు దిగి వెళ్లిపోయింది. టీకి నీళ్లు పెట్టడానికనుకున్నాడు బాబు.

లాంచీ దిగాక బస్సు నాలుగు మజిలీలు పోయి ఆగిపోయింది. ముందంతా ఊరేగింపు. ఎర్రజెండాలు, పిడికిళ్లు, చూపు ఆనినంత దూరం జనం. ఆమె దిగి జనానికి అడ్డంపడి నడిచింది. జన్మలో ఎవరినీ తప్పుకోమనని మనిషి, భుజాలతో తోసుకుంటూ పోయింది.

గుమ్మం ముందు ఎండలో తవిటమ్మ కాళ్లు బారజాపుకుని కూర్చుని ఉంది. చుట్టూ ఠోంగాలు.

"ఏటే, అప్పుడే వచ్చేసినావు? ఒంట్లో బాగులేదేటి?" అంది. "అయినా ఏం కాగితమే అది! కత్తెర ఎట్టగానే జిగురు కారిపోతంది. మైదా ఉడకెట్టనే లేదు నేను. దానంతటదే అంటుకుపోయింది. రెండు కట్టలు కొట్టుకి పంపించినాను గానీ, అయి ఇప్పుకోడానికి ఆ కొట్టోడు సచ్చిపోతాడు."

"వదినా, కొమ్మలేయి?"

"కొమ్మలేటి, పుల్లలను. కత్తెర అడ్డం పడ్డమేటి, కాగితంలోంచి టపటపా రాలిపోనాయి. ఏడు పుల్లలు పొయ్యిలో ఎట్టినాను. ఓలమ్మ, ఏం వాసనే తల్లీ! సందు సందంతా గుమ్మంలోకొచ్చి, తవిటమ్మింట్లో పాయసం ఏటని ఒకటే గోల."

"మిగతాయి?"

"మరీ పచ్చియి. పొగ తప్ప మంట లేదు. కాళ్లకి గుచ్చుకుంటాయని ఆ నీళ్ల బాల్టీలో పడీసినాను."

కాసులమ్మ బాల్టీలో చెయ్యి పెట్టింది. వేలెడంత లావు లేని పుల్లలు నాలుగు. నిజం పుల్లలే. బెరడు చల్లగా ఉంది. అక్కడే కూలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏటైందే? సెప్పవే!"

"అయి కుల్లు కాదు వదినా. కులు. ఊరు పేరు."

తవిటమ్మ బుగ్గ మీద చెయ్యేసుకుంది. "ఊరికెవులైనా కుల్లని పేరెట్టుకుంటారేటే?" అంది. తర్వాత ఆమె మొహం చూసి ఇంక నవ్వలేదు. పొయ్యిలోని బూడిద వైపు చూసింది. "మరిప్పుడేటి సేస్తావు? పోయినాయని సెప్పకు. ఎలకలు కొట్టీసినాయని సెప్పు. నువ్వు మాటాడవు గదా, ఎవులడుగుతారు నిన్ను?"

నిజమే. ఎవరూ అడగరు. బాబు కూడా అడగడు. ఎలకలని చేత్తో చూపిస్తే చాలు. కాసులమ్మ చీర కొంగు బాల్టీలో ముంచి, పిండి, నాలుగు పుల్లలనీ అందులో చుట్టుకుని లేచింది.

లాంచీలో మనసులో మాటలు పేర్చుకుంటూ కూర్చుంది. ఒడ్డు చేరేలోగా అవి నాలుగుసార్లు చెదిరిపోయాయి.

మేడ మీద గదిలో ఆఫీసరు కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ల మనిషి, మెడకి ఉన్ని మఫ్లరు. పేరు జానకిరామ్. కాకినాడ వైపు నుంచి ఉద్యోగం మీద కొండలకి పోయినవాడు. బాబు ఖాళీ బల్ల ముందు నిలబడి ఉన్నాడు. అప్పటికే గదంతా వెతికినట్టున్నాడు, తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి.

కాసులమ్మ కొంగు విప్పి నాలుగు పుల్లలనీ బల్ల మీద పెట్టింది. బెంగాలీలో మొదలుపెట్టింది. రెండు మాటలకే అది తెగిపోయింది. నోటికి సొంత భాషే వచ్చింది.

"కుల్లనుకున్నాను బాబూ. పట్టుకుపోయి ఇచ్చీసినాను. మా వదిన కత్తెరేసింది. ఏడు పొయ్యిలో పోనాయి. మొగ్గ పచ్చగుందని నాకు తెలుసు. తెలిసీ అడగనేదు. తప్పు నాదే."

జానకిరామ్ ఉలిక్కిపడి చూశాడు. ఇంత దూరంలో తెలుగు వినపడుతుందని అనుకోలేదేమో. ఆ మాటల్ని బాబుకి చెప్పాడు. కుళ్లంటే ఏమిటో కూడా చెప్పాడు. నవ్వలేదు.

బాబు బల్ల అంచు పట్టుకున్నాడు. "ఏడా?" అన్నాడు.

"ఏడు, దాదాబాబూ."

ఆయన ఒక పుల్ల తీసుకుని తెగిన చోట వేలితో తడిమాడు. వేలికి జిగురంటింది. "కుంచెతో తప్ప దేనితోనూ కాగితాన్ని ముట్టుకోవద్దన్నాడు తాత. నలభై ఏళ్లు అలాగే కాపాడాను. కోసి చూద్దామని ఒక్కనాడు తోచలేదు నాకు" అన్నాడు. కోపమో దుఃఖమో తెలియని గొంతు.

జానకిరామ్ పుల్లల్ని వెలుతురుకి పట్టి చూశాడు. "ఇవి అంటుకి పనికొస్తాయి. మా దగ్గర వేరు మొక్కలున్నాయి. కానీ ఏది ఏ రకమమ్మా? ఆకు లేదు, కాయ లేదు. నాలుగూ నాకు ఒకేలా ఉన్నాయి. పేరు తెలియని కొమ్మని నేను తోటలోకి రానివ్వలేను. రానిచ్చినా రేపు ఎవరైనా పొయ్యిలో పెట్టేస్తారు."

బాబు భూతద్దం తీసి, మళ్లీ పెట్టేశాడు. ఆ కళ్లకి ఏమీ ఆనలేదు.

"ఇది కప్పతోలు" అంది కాసులమ్మ.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"బెరడు మీద సుక్కలు సూడండి బాబూ, కప్పకున్నట్టే. కాయ పండినా ఆకుపచ్చే, గరుగ్గా ఉంటాది. కట్టలో నాలుగోది. ఇదేమో పేరంటాలు. మొగ్గకి పసుపు రాసినట్టుందా? కాయకి ఒక్క పక్కే ఎరుపు, బొట్టెట్టినట్టు. ఇది మొండిది. అన్నీ రాలినా ఇది రాలదు, పుష్యమాసం దాకా ఏలాడతానే ఉంటాది. ఈ వంకరదుంది సూడండి, ఇది జగ్గమ్మ. మా అమ్మమ్మ. సూడ్డానికి ముడతలు, లోపల తెల్లగా సల్లగా ఉంటాది. కట్టలో కట్టకడది."

ఇరవై రెండేళ్లలో ఆ గదిలో ఆమె అంతసేపు మాట్లాడడం అదే మొదలు. మొహమంతా చెమటలు పట్టాయి. బాబు చిట్టా తెచ్చి, నంబర్లు చెప్పించుకుని, తాత రాసిన కొలతలు జానకిరామ్ చేత చదివించాడు. చుక్కల బెరడు, నాలుగో కాగితం. ఆలస్యంగా రాలే కాయ, ఏడోది. ఒక్కటీ తప్పు పోలేదు. చిట్టాలో దొరలు పెట్టిన పేర్లూ ఉన్నాయి. జానకిరామ్ వాటిని పైకి చదివి, ఎందుకో ఆగి, తన పుస్తకంలో తెలుగులోనే రాసుకున్నాడు. కప్పతోలు. పేరంటాలు. మొండిది. జగ్గమ్మ.

అయినా కచేరీ నిలవలేదు. పచ్చి బొమ్మ ఒక్కటీ లేదు కాబట్టి ఉత్తరంలో ఉన్నట్టే తాళం పడింది. బాబు ట్రంకుపెట్టె సర్దుకుని బడ్జ్ బడ్జ్‌లో మేనల్లుడి ఇంటికి పోవడానికి సిద్ధమయ్యాడు. మిగిలింది నాలుగు పుల్లలు. కలకత్తా ఎండ తగిలితే వారంలో మొగ్గ విచ్చుకుంటుంది, విచ్చుకుంటే అంటుకి పనికిరాదు. కులుకి రెండు రాత్రులు రైల్లో గంటగంటకీ తడిగుడ్డ మారుస్తూ పోవాలి.

"నా చేతుల మీద నాకు నమ్మకం లేదు" అన్నాడు జానకిరామ్.

"ఆమెని తీసుకుపో. ఆమె చేతిలో తప్ప ఇవి బతకవు" అన్నాడు బాబు.

హౌరా స్టేషనుకి తవిటమ్మ వచ్చింది. చెల్లెల్ని సాగనంపినట్టు కళ్లొత్తుకుంటూ, "మనోళ్లకి రైలంటే కిందకి, మనూరికెల్లేదే గదే. పైకెల్లేది కూడా ఉంటాదని నాకేటి తెలుసు" అంది. తర్వాత జానకిరామ్ వైపు తిరిగి, "బాబూ, అది అడగదు. ఆకలేస్తే కూడా అడగదు. మీరే కనిపెట్టి పెట్టాలి" అని చెప్పింది.

నాలుగు అంట్లలో మూడు పట్టాయి. కప్పతోలు పట్టలేదు. వేరు మొక్క మీద కట్టిన కొమ్మ పదిరోజులు పచ్చగా ఉండి నల్లబడిపోయింది. కాసులమ్మ దాన్ని విప్పి, ఊరికి తీసుకుపోయే అస్థికల్లా చిన్న గుడ్డలో కట్టి, ఆ వేరు మొక్క మొదట్లోనే పాతిపెట్టింది. ఏడూ ఒకటీ ఎనిమిది అనుకుంది. అది ఎవరికీ చెప్పలేదు.

మూడు మొక్కలకీ మనిషి కావాలి కాబట్టి అక్కడే ఉండిపోయింది. ఆ కొండల్లో ఆమె భాష తెలిసినవాళ్లు జానకిరామ్ తప్ప లేరు. ఆయన నెలకోసారి వచ్చేవాడు. ఎవరికీ అర్థం కాని చోట సిగ్గుపడాల్సిన పని లేదని కొన్నాళ్లకి తెలిసింది. మంచు దులుపుతూ, పాదులు చేస్తూ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెట్లతో గట్టిగా మాట్లాడేది. తవిటమ్మ మాటలు, గవరయ్య మాటలు, లాంచీవాడి మాటలు, ఎప్పుడో కొట్టువాడితో అనాల్సిన మాటలు. తోటలో పనిచేసే ఆడవాళ్లు అది పాటేమో అనుకునేవారు.

అయిదో భాద్రపదంలో జగ్గమ్మ చెట్టు మొదటిసారి కాసింది. ఆరు కాయలు. కాసులమ్మ ఒకటి కోసుకుని, గడ్డిలో చుట్టి, ఒంటరిగా రైలెక్కి వచ్చింది.

బడ్జ్ బడ్జ్‌లో జనపనార మిల్లు వెనక సందులో ఇల్లు. మృత్యుంజయ బాబు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చూపు పూర్తిగా పోయింది. ఆమె వచ్చిందని వాసనతోనే తెలుసుకున్నాడు. కాయని రెండు చేతుల్లోకి తీసుకుని ముడతలన్నీ తడిమాడు.

"బొమ్మలో ఉన్నట్టే ఉందా?"

"ఉంది దాదాబాబూ. తొక్క మీద సన్నగా గీతలు కూడా ఉన్నాయి. కుంచె గీతలు."

ఆయన డెబ్భై రెండేళ్ల మనిషి, పుట్టినప్పటి నుంచీ వాటి మధ్యే బతికాడు. వాసన చూడడమే గానీ ఒక్కదాన్నీ కొరికినవాడు కాదు. ఇప్పుడు కొరికాడు. నమిలాడు. మొహమంతా ముడుచుకుపోయింది.

"పులుపు" అన్నాడు. ఇంకోసారి కొరికాడు. "అబ్బ, ఎంత పులుపు! తాత అన్నీ రాశాడు కాసుల్. పొడుగు, వెడల్పు, తొడిమె, తొక్క, పండే నెల. ఇది మాత్రం రాయలేదు." నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో గానీ, తినడం మాత్రం ఆపలేదు. లోపలి గట్టి భాగం కూడా నమిలి, గింజల్ని అరచేతిలోకి ఊశాడు. అయిదు.

"ఇవి పారెయ్యి" అన్నాడు. "గింజ వేస్తే తల్లి కాయ రాదు. వేరే ఏదో వస్తుంది. తాత చిట్టాలో లేనిది. పేరు లేనిది."

"తెలుసు దాదాబాబూ" అంది కాసులమ్మ. ఒక్కో గింజనీ ఆయన చేతిలోంచి తీసి తుడుస్తూ, చెట్లతో అలవాటైనట్టు తన భాషలోకి దిగింది. "ఏటొస్తాదో ఎవులికీ తెల్దు. ఎయ్యనీ. వచ్చినాక సూద్దాం."

మిల్లు కూత వినపడింది. ఆమె గింజల్ని కొంగున ముడేసుకుని, ఆయన చేతులు కడిగి, సాయంత్రం రైలుకి వేళవుతోందని లేచింది.